సమాజపు ఆస్తి అంటే ఎవరి ఆస్తి? ఉత్తర తెలంగాణ అనుభవం వెలుగులో సోషలిజం మూల భావాల విమర్శ

1. ప్రస్తావన

సోషలిజం పుట్టుక, దాని ప్రధాన భావాలు మన వేదాంత విద్యలో కొత్త విషయాలు కావు. క్రైస్తవ నీతిశాస్త్రం చదివేటప్పుడూ, ఐరోపా సంఘచరిత్ర చదివేటప్పుడూ అవి తప్పక ఎదురవుతాయి. అయితే వాటిని మనం చూసే చూపు తరచుగా రెండు విధాలుగా ఉంటుంది. సోషలిజం దేవుణ్ణి నిరాకరించే సిద్ధాంతం గనుక దానిని ఖండించి పక్కన పెట్టడం ఒక విధం. యెరూషలేములోని ఆది సంఘం ఆస్తులను ఉమ్మడిగా అనుభవించింది గనుక సోషలిజం మన ఇంట పుట్టిందేనని చెప్పుకోవడం రెండవ విధం. మొదటిది దానిని వినకుండానే తీర్పు తీరుస్తుంది. రెండవది దానిని వినకుండానే ఆలింగనం చేసుకొంటుంది. సోషలిజం అసలు ఏ ప్రశ్నతో మొదలయింది, ఆ ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు మన నేల మీద నిలిచిందా అన్న విచారణ రెండింటిలోనూ కొరవడింది.

ఆ విచారణకు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకంటె అనువైన ప్రాంతం తెలుగునాట మరొకటి లేదని మా అభిప్రాయం. గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ ప్రాంతంలో అడవి ఉంది, దొరల భూమి ఉంది, బొగ్గుగని ఉంది. ఈ మూడింటి మీదా ‘ఇది ఎవరిది?’ అన్న ప్రశ్న గత ఎనభై ఏళ్లకు పైగా నెత్తుటితో అడగబడింది. 2016లో జిల్లాల విభజన జరిగి ఈ ప్రాంతం ఇప్పుడు అనేక జిల్లాల పేర్లతో ఉన్నది గాని, ప్రశ్న మాత్రం విభజింపబడలేదు.

ఈ వ్యాసంలో మేము ప్రతిపాదించేది ఒక్కటే. ప్రభుత్వపు ఆస్తి, సమాజపు ఆస్తి ఒకటి కావు. సోషలిజం తన తొలి రోజుల్లో ఈ తేడాను ఎరిగి ఉండెను. తరువాత దానిని మరచిపోయింది. ఆ మరుపు వెల ఎంతో ఉత్తర తెలంగాణ చూపిస్తున్నది.

2. పదం, దాని పుట్టుక

సోషలిజం అన్న మాటకు తెలుగులో రెండు అనువాదాలు వాడుకలో ఉన్నాయి: సామ్యవాదం, సమాజవాదం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా పీఠికలో చేరిన మాటకు తెలుగులో ‘సామ్యవాద’ అన్నది స్థిరపడింది. ఆ మాట పీఠికలో ఉండడాన్ని సవాలు చేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టివేసింది. అనువాదాలు రెండూ ఒకే అర్థం ఇస్తాయని అనుకొంటాము గాని, వాటి బరువు వేరు. సామ్యం అంటే సమానత్వం. అది పంపకాన్ని గురించిన మాట. సమాజం అంటే మనుషుల కూటమి. అది యాజమాన్యాన్ని గురించిన మాట. ఎవరికి ఎంత అన్నది మొదటి ప్రశ్న, ఎవరు నిర్ణయిస్తారు అన్నది రెండవ ప్రశ్న. సోషలిజం చరిత్రలో ఈ రెండూ కలిసే పుట్టాయి. మొదటిదానికి జవాబు దొరికితే రెండవది దానంతట అదే తీరుతుందని అనుకొన్నప్పుడే చిక్కు వచ్చింది.

ఐరోపాలో ఈ భావానికి చాలా ముందు నుంచే వేళ్లు ఉన్నాయి. 1525 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటులో థామస్ ముంజర్, 1649లో ఇంగ్లాండులో ఉమ్మడి బీడు భూములను దున్నడానికి దిగిన డిగ్గర్లు, వారి నాయకుడు జెరార్డ్ విన్‌స్టన్లీ, లేఖనాన్నే ఆధారం చేసుకొని మాట్లాడారు. ఫ్రెంచి విప్లవం తరువాత 1796లో బబూఫ్ సమానుల కుట్ర అనే ప్రయత్నం చేసి మరుసటి ఏడు గిలటిన్‌కు బలి అయ్యాడు. అయినా సోషలిజం అన్న మాట వాడుకలోకి వచ్చింది 1820, 1830 దశకాలలో. యంత్రాలు, నూలు మిల్లులు, పల్లె వదలి పట్టణం చేరిన కూలీలు, పన్నెండు పద్నాలుగు గంటల పని, మిల్లుల్లో పసిపిల్లలు: ఇదీ దాని పుట్టుకకు నేపథ్యం. సెయింట్ సైమన్, ఫూరియే, రాబర్ట్ ఓవెన్ అనే ముగ్గురు మూడు తీరుల్లో దీనికి జవాబు వెదికారు. ఓవెన్ స్కాట్లాండులోని న్యూ లానార్క్ మిల్లులో పని గంటలు తగ్గించి, పిల్లలకు బడి పెట్టి చూపించాడు. 1825లో అమెరికాలో న్యూ హార్మనీ అనే ఉమ్మడి గ్రామాన్ని నెలకొల్పాడు. అది రెండేళ్లకే చెదిరిపోయింది. కాని ఆయన ఆలోచనల నుంచే 1844లో రాచ్‌డేల్ నేతపనివారి సహకార సంఘం పుట్టింది. 1848లో ఇంగ్లాండులో ఎఫ్. డి. మారిస్, చార్లెస్ కింగ్స్‌లీ క్రైస్తవ సోషలిజం ఉద్యమాన్ని మొదలుపెట్టారు.

అదే 1848లో మార్క్స్, ఎంగెల్స్ కమ్యూనిస్టు ప్రణాళిక వెలువడింది. అంతకు ముందు సోషలిస్టులు మంచి మనసున్న మేధావులు గీసిన పటాల మీద ఆధారపడ్డారనీ, తాము మాత్రం చరిత్ర చలనాన్నీ, శ్రామికవర్గ శక్తినీ ఆధారం చేసుకొన్నామనీ వారు భావించారు. కూలివాడు తన కూలికి మించి సృష్టించిన విలువ యజమానికి లాభంగా పోతున్నదని 1867 నాటి ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వివరించింది. ఉత్పత్తి సాధనాలు సమాజం చేతికి రావాలన్నది దాని నుంచి వచ్చిన ముగింపు.

మన విచారణకు అవసరమైన మూడు విషయాలు ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. ఒకటి, మార్క్స్ మొదటగా ఆస్తి ప్రశ్నతో తలపడింది ఫ్యాక్టరీ దగ్గర కాదు, అడవి దగ్గర. రైన్ రాష్ట్ర శాసనసభ, పేదలు అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనంగా నిర్ణయించబూనినప్పుడు, పేదల వాడుక హక్కు తరఫున ఆయన 1842లో పత్రికలో వ్యాసాలు రాశాడు. రెండు, ప్రభుత్వం ఒక పరిశ్రమను తీసుకొన్నంత మాత్రాన అది సోషలిజం కాదని ఎంగెల్స్ ఎద్దేవా చేశాడు. పొగాకు వ్యాపారాన్ని ప్రభుత్వపరం చేయడం సోషలిజమైతే నెపోలియన్‌ను, మెటర్నిక్‌ను కూడా దాని స్థాపకుల్లో లెక్కించవలసి వస్తుందని ఆయన వాదం. మూడు, 1881లో వేరా జాసులిచ్ అనే రష్యన్ విప్లవకారిణికి రాసిన జవాబులో, తన గ్రంథంలో చెప్పిన క్రమం పశ్చిమ ఐరోపాకే వర్తిస్తుందనీ, రష్యా గ్రామాల ఉమ్మడి భూమి పద్ధతి నాశనం కాకుండా కొత్త సమాజానికి ఆధారం కాగలదనీ మార్క్స్ ఒప్పుకొన్నాడు. అడవి, ప్రభుత్వం, ఉమ్మడి గ్రామం అనే ఈ మూడు అంశాలను పట్టుకొని మనం ఆదిలాబాదుకు వద్దాము.

3. అడవి: ప్రభుత్వమే యజమాని అయినప్పుడు

ఆదిలాబాదు గోండులకు, కోలాములకు భూమి సరుకు కాదు. కొన్నేళ్లు ఒక చెలక దున్ని, దానిని బీడు పెట్టి, మరొక చోటికి జరిగేవారు. బీడు పడిన నేల విడిచిపెట్టిన నేల కాదు, తిరిగి రావలసిన నేల. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేసి హద్దులు గీసినప్పుడు ఆ బీళ్లు అడవి లెక్కలోకి పోయాయి. నిన్న దున్నినవాడు ఈనాడు ఆక్రమణదారుడయ్యాడు. పశువుల మేతకు పన్ను, కట్టెకు లంచం, పట్టా లేని భూమి మీద బయటనుంచి వచ్చిన సావుకారు హక్కు, ఇవన్నీ ఆ హద్దుల వెంట వచ్చాయి. పన్నెండు గూడేలకు తమ నేల మీద తమకే అధికారం కావాలని కొమురం భీం అడిగాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో ఆయన, ఆయన సహచరులు నిజాం పోలీసు కాల్పుల్లో మరణించారు. అల్లం రాజయ్య, సాహు కలిసి 1983లో వెలువరించిన ‘కొమురం భీం’ నవల ద్వారా ఈ పోరాటం తెలుగు పాఠకలోకానికి విస్తృతంగా తెలిసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. భీం ఎదిరించింది ప్రధానంగా ప్రైవేటు ఆస్తిని కాదు. అడవి నిజాం సర్కారు ఆస్తి. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే అది అప్పటికే జాతీయం చేయబడిన ఉత్పత్తి సాధనం. ఉమ్మడిగా అనుభవిస్తున్న వారి చేతిలోనుంచి దానిని ప్రభుత్వం లాగుకొన్నది. పాఠ్యపుస్తకంలోని సోషలిజం నిర్వచనాన్ని యథాతథంగా తీసుకొంటే జోడేఘాట్‌లో న్యాయం ఎవరి వైపు ఉన్నదో చెప్పలేము. అదే ఆ నిర్వచనంలోని లోపం.

భీం మరణం తరువాత మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఈ ప్రాంతానికి వచ్చి, తిరుగుబాటుకు మూలం భూమి పోగొట్టుకోవడమేనని వివరించాడు. కొన్ని వేల గిరిజన కుటుంబాలకు పట్టాలు దక్కాయి. మార్లవాయిలో బడి, ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యాయి. ఆ తరువాత రాజ్యం మారింది, జెండా మారింది. అడవి మీద యాజమాన్యం మాత్రం ఒక ప్రభుత్వం నుంచి మరొక ప్రభుత్వానికి చేతులు మారింది, గూడేనికి తిరిగి రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చినవారి మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవారు 13 మంది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని ఆదివాసులు, పౌరహక్కుల వారు చెబుతూ వచ్చారు. వారు అడిగినది 1940లో అడిగినదే. సోషలిజం అన్న మాట రాజ్యాంగ పీఠికలో చేరి అప్పటికి నాలుగైదేళ్లయింది.

చట్టం ఈ తేడాను అక్కడక్కడ గుర్తించింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, అంటే జనం నోట 1/70 చట్టం, అందులో ముఖ్యమైనది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాట పరిధిలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రభుత్వం గిరిజనేతరులకు ఇష్టం వచ్చినట్లు ఇవ్వజాలదు. మా దృష్టిలో ఇది ఆస్తి సిద్ధాంతానికి సంబంధించిన గొప్ప తీర్పు. ప్రభుత్వపు పేరున ఉన్నది ప్రభుత్వపు సొంతం కానవసరం లేదని అది చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత హక్కునూ, సాముదాయిక హక్కునూ రెంటినీ గుర్తించింది. ఆ చట్టం కింద వచ్చిన పట్టా వారసత్వంగా పోతుంది గాని అమ్ముడుపోదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలై రాష్ట్రవ్యాప్తంగా పోడు పట్టాల పంపిణీ పెద్ద ఎత్తున జరిగింది. ఆ పంపిణీ విడివిడి కుటుంబాలకు జరిగింది. పంపకం ప్రశ్నకు అది కొంత జవాబు. గూడెం మొత్తంగా తన అడవిని ఏలుకొనే అధికారం అన్న రెండవ ప్రశ్న ఆ కాగితాలతో తీరలేదు.

4. ఊరు: సమాజం అంటే ఎవరు?

ప్రభుత్వం కాకుండా ఊరే యజమాని అయితే సరిపోతుందా? కరీంనగర్ పల్లెలు ఈ సులభమైన జవాబును ఒప్పుకోవు. గడీల కాలంలో ఈ పల్లెల్లో భూమి, నీరు, తగవు, మర్యాద అన్నీ దొర చేతిలో ఉండేవి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల కుటుంబాలు వంతుల ప్రకారం వెట్టి చేసేవి. జీతగాడు తెచ్చిన అప్పు తీరక అతని కొడుకు జీతగాడయ్యేవాడు. పంచాయితీ పేరుతో దొర వేసిన దండుగలు దొర ఇంటికే చేరేవి. 1946-51 సాయుధ పోరాటానికి ప్రధాన కేంద్రాలు నల్లగొండ, వరంగల్ జిల్లాలే అయినా, కరీంనగర్‌లో కూడా దాని జాడలున్నాయి. 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, ఆయన దళం నేలకొరిగారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. గడీ తలుపు మాత్రం మూతపడలేదు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. వెట్టి పోవాలి, పాలేర్ల జీతాలు పెరగాలి, వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలి, దొరల ఆక్రమణలో ఉన్న షికం, బంచరాయి భూములు పేదలకు దక్కాలి అన్నవి వారి కోరికలు. వారు పట్టిన ఆయుధాల్లో మిక్కిలి బలమైనది సాంఘిక బహిష్కారం. దొర బట్టలు ఉతకడం, గడ్డం గీయడం, పొలం దున్నడం ఊరు మానివేసింది. ఉత్పత్తి సాధనం దొరదే అయినా ఉత్పత్తి తమ చేతుల్లో ఉన్నదని వారు కనుగొన్నారు. మార్క్స్ సిద్ధాంతంలో శ్రమకున్న స్థానాన్ని పుస్తకం లేకుండానే వారు రుజువు చేశారు. మరుసటి నెలలోనే, అంటే అక్టోబరులో, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఈ ఉద్యమం అడిగిన వాటిలో సగం కూలికి సంబంధించినవైతే సగం మర్యాదకు సంబంధించినవి. దొర ముందు చెప్పులు విడవడం, ‘నీ బాంచెను’ అనడం ఏ ఆర్థిక లెక్కలోనూ చేరవు. సంపద పంపకం మారితే ఇవి వాటంతట అవే పోతాయని భారత సోషలిస్టులు చాలాకాలం నమ్మారు. డాక్టర్ అంబేద్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో వారి నమ్మకాన్ని నేరుగా ప్రశ్నించాడు. కులం పనిని మాత్రమే కాదు, పనివారిని కూడా మెట్లుమెట్లుగా విభజించిందనీ, ఆ మెట్లు ఉండగా పేదలంతా ఒక్కటిగా కదలడం జరగదనీ ఆయన వాదించాడు. 1947 నాటి ‘రాజ్యాలు, మైనారిటీలు’లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమగా చేసి, కులభేదం లేకుండా గ్రామస్థులకు సాగుకు ఇవ్వాలనీ, ఈ ఏర్పాటును రాజ్యాంగంలోనే రాయాలనీ ప్రతిపాదించాడు.

ఇది మా ప్రతిపాదనకు గట్టి ఆక్షేపణ. గోండు గూడేనికి ప్రభుత్వం అన్యాయస్థుడుగా కనబడింది. అంబేద్కర్‌కు ఊరే అన్యాయస్థుడుగా కనబడింది, ప్రభుత్వం రక్షకుడుగా కనబడింది. వాడ ఊరికి బయట ఉన్నంతకాలం ‘ఊరి ఉమ్మడి ఆస్తి’ అంటే ఊరి పెద్దకులాల ఆస్తి అనే అర్థం. కాబట్టి ‘సమాజం’ అన్న మాటను ప్రభుత్వానికి అప్పగించడం ఎంత పొరపాటో, పరీక్షించకుండా ఊరికి అప్పగించడం కూడా అంతే పొరపాటు. గోండు సమాజాన్ని సైతం మరీ అందంగా చిత్రించుకోనక్కరలేదు. పర్ధానులు, తోటీలు గోండు ఇండ్ల దానం మీద ఆధారపడిన సంబంధంలోనూ హెచ్చుతగ్గులున్నాయి.

అంబేద్కర్ సూచన మీద మాకున్న సందేహం ఒక్కటే. కల్లోలిత ప్రాంత ప్రకటన చేసిన ప్రభుత్వమే భూస్వామి స్థానంలో కూర్చుంటే, దానిని లెక్క అడిగేది ఎవరు? ఆయన దీనిని ఎరుగనివాడు కాదు. అందుకే పార్లమెంటరీ ప్రజాస్వామ్యాన్నీ, రాజ్యాంగ రక్షణలనూ తన సోషలిజానికి విడదీయరాని షరతుగా పెట్టాడు. ఆ షరతును వదలి సోషలిజాన్ని మాత్రమే తీసుకొన్నవారు ఆయన వెంట వెళ్లినవారు కారు.

5. గని: మంచి యజమాని, అయినా యజమానే

మూడవ చోటు సింగరేణి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయిన ఈ సంస్థలో 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. అంటే స్వాతంత్ర్యానికి ముందే, ఒక నవాబు చేతిలో ప్రభుత్వరంగ బొగ్గు కంపెనీ ఏర్పడింది. ఎంగెల్స్ ఎద్దేవాకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. నేడు దీనిలో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని ఈ బొగ్గు మీద వెలసిన పట్టణాలు.

ప్రభుత్వ యాజమాన్యం ఇక్కడ ఏమీ ఇవ్వలేదని అనడం అన్యాయం. వెట్టి ఊరు వదలి బాయి పనికి వచ్చిన మాదిగ యువకునికి గని నెలజీతం ఇచ్చింది, క్వార్టరు ఇచ్చింది, ఆసుపత్రి ఇచ్చింది, దొర ముఖం చూడనవసరం లేని బతుకు ఇచ్చింది. లాభంలో వాటా పంచే పద్ధతి కూడా ఉంది. 2025లో నికర లాభంలో 34 శాతం కార్మికులకు ప్రకటించారు. ప్రైవేటు గనిలో ఇది ఊహించలేనిది.

అయితే తమ గని అని చెప్పబడిన దానిలో కార్మికుడు ఏమి నిర్ణయించగలిగాడు? ఒకరోజు అక్రమ సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోత పెట్టే నిబంధనకు వ్యతిరేకంగా 1981లో సింగరేణిలో దీర్ఘమైన సమ్మె జరిగింది. ఆ పోరాటాల్లోంచి సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. రహస్య బ్యాలెటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకొనే హక్కు 1998లో గాని రాలేదు. భూగర్భ గనులను తగ్గించి ఓపెన్‌కాస్టులు పెంచాలన్న నిర్ణయం గని కార్మికుడు చేసినది కాదు, గుంత కింద పోయిన పల్లె చేసినది అంతకంటె కాదు. 1990ల ఆరంభంలో లక్షకు పైబడిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ నిలిచింది. వారి పక్కనే కాంట్రాక్టు కార్మికులు అదే దుమ్ములో పనిచేస్తున్నారు. 2025లో శాశ్వత కార్మికునికి లాభాల్లో శాతం దక్కితే, కాంట్రాక్టు కార్మికునికి 5,500 రూపాయలు దక్కాయి. అది కూడా 2024లో మొదలైన ఆనవాయితీ. సమాజం అన్న గీత ఎక్కడ గీస్తారో అక్కడే సోషలిజం ఆగిపోతుంది.

6. పార్టీ, సహకార సంఘం: రెండు దారులు

ప్రభుత్వం సమాజానికి బదులు నిలబడినట్లే పార్టీ కూడా నిలబడగలదు. 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్‌కు ఈ రెండు జిల్లాలు తొలి నెలవు. వెట్టి పోవడంలో, తునికాకు కూలి పెరగడంలో ఆ ఉద్యమ ప్రభావాన్ని కాదనలేము. కాని తుపాకి చేరినచోట ప్రజల తరఫున నిర్ణయం చేసే అధికారం రహస్య దళానికి పోయింది. ఇన్ఫార్మర్లన్న పేరుతో పేదలే హతులయ్యారు. మరొకవైపు ఎన్‌కౌంటర్ల పేరుతో విచారణ లేని మరణాలు ఊళ్లకు ఊళ్లను శోకంలో ముంచాయి. ప్రజలు లెక్క అడిగే వీలు రెండు వైపులా లేకపోయింది. పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు 2011లో మరణించాడు. ఆయన తమ్ముడు వేణుగోపాలరావు 2025 అక్టోబరులో గడ్చిరోలిలో సహచరులతో కలిసి ఆయుధాలు అప్పగించాడు. ఒక తరం చరిత్ర ఆ రెండు తేదీల మధ్య ముగింపునకు వచ్చింది. అయితే వారిని అడవికి పంపిన ప్రశ్న ముగియలేదు.

రెండవ దారి చప్పుడు లేనిది. పూర్వపు కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. అప్పు, విత్తనం, ఎరువు, ధాన్యం అమ్మకం ఒకే చోట సభ్యుల చేతిలో ఉన్నాయి. 2000లో అదే ప్రాంతపు మహిళలు తమ సొంత పాల సహకార సంఘాన్ని స్థాపించుకొన్నారు. సభ్యులూ వారే, పాలకవర్గమూ వారే. ఓవెన్, రాచ్‌డేల్ దారి ఇక్కడ కాపు కాసింది. దీనికీ హద్దు ఉంది: పొలం ఉన్నవారు, పాడి ఉన్నవారు సభ్యులవుతారు. భూమి లేని కూలీకి, పశువు లేని ఇంటికి ఈ తలుపు సులభంగా తెరుచుకోదు. అయినా యజమాని ఎవరు అన్న ప్రశ్నకు మనిషి పేరుతో జవాబు చెప్పగల సంస్థ ఇది.

7. లేఖన పరిశీలన

ఇప్పుడు మనం సాధారణంగా మొదలుపెట్టే చోటికి వచ్చాము. ఆది సంఘం వద్దకు వెళ్లకముందు ఆదికాండము 47:13-26 చదవాలని మా మనవి. కరవు కాలంలో యోసేపు ప్రజల ద్రవ్యాన్ని, తరువాత పశువులను, చివరకు భూమిని, వారి దేహాలనే ఫరోకు సంపాదించి పెట్టాడు. ఐగుప్తు భూమి అంతా ప్రభుత్వ ఆస్తి అయింది. ప్రజలకు విత్తనం దొరికింది, ప్రాణం నిలిచింది, అయిదవ వంతు కట్టి బతికారు. పంపకం లెక్కలో ఇది మేలైన పరిపాలనే. కాని వారు దాసులయ్యారు. యోసేపును ఎరుగని రాజు వచ్చినప్పుడు ఆ అధికారం ఏమి చేయగలదో నిర్గమకాండము చెబుతుంది. మరొక చిన్న మాట కూడా అక్కడ ఉంది: యాజకుల భూమి మాత్రం ఫరోపరం కాలేదు. వారికి బత్తెం ఫరో నుంచే వచ్చేది. ఆ బత్తెం తింటూ వారు ఎవరి పక్షం మాట్లాడి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

1 రాజులు 21లో అహాబు వెల ఇస్తానన్నాడు, మారు తోట ఇస్తానన్నాడు. నష్టపరిహారం చూస్తే లోపం లేదు. నాబోతు ఒప్పుకోనిది ధర విషయమై కాదు, పితరుల స్వాస్థ్యం అమ్మకపు వస్తువు కాదని. ఇంద్రవెల్లి ఆదివాసికి ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కరలేదు. లేవీయకాండము 25 భూమి శాశ్వతంగా అమ్ముడుపోకూడదని నిర్ణయిస్తూ, దానికి కారణం భూమి దేవునిది కావడమని చెబుతుంది. అంటే అది రాజుదీ కాదు. 1/70 చట్టం, అటవీ హక్కుల చట్టం అమ్మకాన్ని నిషేధించడంలో ఆ సునాద సంవత్సరపు నీడ మాకు కనబడుతున్నది.

అపొస్తలుల కార్యములు 4లో ఆస్తులు అమ్మినవారు తమంతట అమ్మారు. 5వ అధ్యాయంలో పేతురు అననీయతో పలికిన మాటలను బట్టి అమ్మకం బలవంతం కాదని స్పష్టం. కాని మనం తరచుగా ఆగేది అక్కడే. 6వ అధ్యాయంలో ఆ ఉమ్మడి భోజనపు బల్ల దగ్గరే అన్యాయం జరిగింది. గ్రీకుభాష మాట్లాడేవారి విధవరాండ్రు పంపిణీలో చిన్నచూపునకు గురయ్యారు. ఉమ్మడి ఆస్తి ఉన్నంత మాత్రాన పక్షపాతం పోలేదు. సంఘం అప్పుడు ఏమి చేసింది? ఇంకా ఎక్కువ పంచుతామని వాగ్దానం చేయలేదు. పంచే అధికారాన్నే మార్చింది. ఎన్నుకోబడిన ఏడుగురి పేర్లు, స్తెఫను మొదలు నీకొలాసు వరకు, అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గం చేతికే బల్ల అప్పగించబడినట్లు అది సూచిస్తుంది. సోషలిజానికి ఆది సంఘం ఇవ్వగల పాఠం నాలుగవ అధ్యాయంలో సగమే ఉంది. మిగతా సగం ఆరవ అధ్యాయంలో ఉంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఏ ఆస్తినైనా సమాజపు ఆస్తి అనేముందు అడగవలసిన నాలుగు ప్రశ్నలు తేలుతున్నాయి. దాని మీద నిర్ణయం ఎవరు చేస్తారు? ఆ నిర్ణయానికి లెక్క ఎవరు అడగగలరు? దానిని అమ్మే అధికారం ఎవరిది? ‘సమాజం’ అన్న గీతకు బయట ఎవరు మిగిలారు? సోషలిజం కూలివాని శ్రమను యజమాని తింటున్నాడని సరిగా చూసింది. పంపకం మారాలని సరిగా కోరింది. ఈ నాలుగు ప్రశ్నలను ప్రభుత్వానికో పార్టీకో వదిలిపెట్టినచోట తప్పిపోయింది. దానిని నాస్తికమని తోసివేసినవారు ఈ తప్పును గుర్తించలేదు. ఎందుకంటే వారు ఆ ప్రశ్నలు అడగనే లేదు.

ఈ నాలుగు ప్రశ్నలు సోషలిస్టులకే పరిమితం కావు. తెలుగునాట మిషనరీల కాలం నుంచి సంఘాల పేర బడులు, ఆసుపత్రులు, ఆవరణలు, పొలాలు ఉన్నాయి. వాటిని మనం ‘సంఘపు ఆస్తి’ అంటాము. వాడ నుంచి వచ్చి ఆదివారం వెనుక వరుసలో కూర్చుండే కూలి సభ్యురాలికి వాటి మీద నిర్ణయంలో పాలు ఉందా? లెక్క అడిగితే చెప్పేవారున్నారా? ఒక స్థలం అమ్ముడుపోయేటప్పుడు ఆమెకు ముందుగా తెలుస్తుందా? జోడేఘాట్, జగిత్యాల, గోదావరిఖని మీద మనం చేసే విమర్శకు అర్హత ఈ ప్రశ్నలకు మనమిచ్చే జవాబును బట్టి ఉంటుంది. యాజకుల భూమిని మినహాయించిన ఐగుప్తు లెక్క మన సంఘాల్లో చెల్లకూడదు.